పవర్ స్టీరింగు - దాని రబ్బరు గొట్టము

డీసెల్ పికప్ ట్రక్కు ముందుమూత ఎత్తి చూచినచో, ఇంజను ప్రక్కన బెల్టుతో తిరుగు చిన్న పంపు ఒకటి కనిపించును. దానినుండి బయలుదేరి, ఛాసిస్‌కు బిగించియున్న స్టీరింగు పెట్టెవైపు ఒక నల్లని గొట్టము పోవుచుండును. బొటనవ్రేలంత లావు, మూరకంటె కొంచెము ఎక్కువ పొడవు. రెండు చివరలను లోహపు నట్లు. వాహనము కొన్ని ఏండ్లు తిరిగిన పిదప ఈ గొట్టము చెమర్చుట మొదలిడును. బండి నిలిపిన చోట నేలమీద చమురు చుక్కలు పడును. మెకానిక్ పాతగొట్టము విప్పి క్రొత్తది బిగించును. పంపును, పెట్టెను ఏండ్ల తరబడి నిలిచియుండగా ముందుగా ఈ గొట్టమే చెడుట తరచు చూచుచున్నాము. ఇది ఎందుచేత?

ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలెనన్న పవర్ స్టీరింగు చరిత్రనంతయు చెప్పవలసివచ్చును. ఏలయన, ఆ చరిత్రలో సగము బలమును పుట్టించుటకు పడిన శ్రమ. మిగిలిన సగము చమురు కారకుండ ఆపుటకు పడిన శ్రమ. రెండవదియే కష్టమైనది.

మోటారు బండ్లు వచ్చిన తొలిరోజులలో అవి తేలికగా నుండెడివి. వాటి ముందు చక్రములను చేతిబలముతో త్రిప్పుట కష్టము కాలేదు. లారీలు వచ్చి, ఇరుసుమీద టన్నులకొలది బరువు పడిన తరువాత సంగతి మారినది. బరువు పెరిగినకొలది డ్రైవరు శ్రమ తగ్గించుటకు ఇంజనీర్లు పళ్లచక్రముల నిష్పత్తిని పెంచిరి. కాని పని అనగా బలము, దూరముల లబ్ధము అని ఉన్నత పాఠశాల విద్యార్థికి తెలియును. బలములో ఆదా చేసినది దూరములో చెల్లించి తీరవలెను. స్టీరింగు చక్రము తేలికయగునుగాని, ఒక మలుపు తిరుగుటకు దానిని అనేకపర్యాయములు చుట్టవలసివచ్చును. 1920-30 మధ్య గాలి తక్కువ పీడనముతో నుండు లావుపాటి టైర్లు వాడుకలోనికి వచ్చి ప్రయాణము మెత్తనయ్యెను. అవి నేలను ఎక్కువ వైశాల్యముతో పట్టుకొనుటచే స్టీరింగు మరింత బరువయ్యెను. సరళ యంత్రములతో చేయగలిగినది అంతటితో సరి. డ్రైవరు చేతికి వెలుపలినుండి శక్తిని తెచ్చి ఇచ్చుట యొక్కటే మిగిలిన మార్గము.

ఈ సమస్య భూమిమీదకంటె ముందుగా సముద్రముమీద వచ్చినది. 1858లో నీటిలోనికి దింపిన గ్రేట్ ఈస్టర్న్ అను ఓడ పొడవు 692 అడుగులు. అంతటి ఓడ చుక్కానిని చేతులతో త్రిప్పుటకు ఎందరో నావికులు కలసి చక్రములను పట్టుకొనవలసి యుండెడిది. 1867లో మెక్‌ఫార్లేన్ గ్రే అను ఇంజనీరు నిర్మించిన ఆవిరి యంత్రము ఆ ఓడలో అమర్చబడినది. దానితో ఒక్క మనిషి చుక్కానిని త్రిప్పగలిగెను. ఇందు గమనింపవలసినది ఆవిరి బలము కాదు. ఆ బలమును ఎక్కడ ఆపవలెనో తెలియజేయు ఏర్పాటు. నావికుడు చక్రమును కొంత త్రిప్పగా ఆవిరి కవాటము తెరచుకొనును. చుక్కాని కదలిన కొలది అదియే ఆ కవాటమును మరల మూసివేయును. కనుక చక్రము ఎంత తిరిగినదో చుక్కానియు అంతకు తగినట్లే తిరిగి ఆగిపోవును. ఫ్రాన్సు దేశస్థుడైన జోసెఫ్ ఫార్కో ఇటువంటి యంత్రములను గూర్చి 1873లో ఒక గ్రంథమును ప్రకటించి, వాటికి 'సెర్వో మోటారు' అని పేరిడెను. సేవకుని అర్థములో వాడు లాటిన్ పదమునుండి ఈ పేరు వచ్చినది. మన పికప్ ట్రక్కులోని స్టీరింగు పెట్టె ఈ వంశములోనిదే.

ఆవిరిని లారీలో పెట్టుట వీలుకాదు. ద్రవ పీడనముతో పనిచేయు యంత్రములు మాత్రము అప్పటికే వాడుకలో నుండెను. మూసియున్న ద్రవములో ఒకచోట కలిగించిన పీడనము అన్ని దిశలకును సమముగా వ్యాపించునని పాస్కల్ పదునేడవ శతాబ్దములోనే చూపియుండెను. దాని ఆధారముతో 1795లో జోసెఫ్ బ్రామా ఇంగ్లండులో జలప్రెస్సుకు పేటెంటు పొందెను. సిద్ధాంతము నిర్దుష్టమైనదే, కాని పిస్టను చుట్టు నీరు చిమ్మిపోవుటచే ప్రెస్సు పనికిరాక మొరాయించినది. బ్రామా వద్ద పనిచేయుచున్న హెన్రీ మాడ్స్‌లే తోలుతో గిన్నెవంటి కట్టును అమర్చగా, నీటి పీడనమే ఆ తోలును గోడకు అదిమిపెట్టి సందును మూసినదని చెప్పుదురు. పుస్తకములలో పాస్కల్ సూత్రమును ఒక పటముతో తేల్చివేయుచుందురుగాని, ఈ తోలుకట్టును గూర్చి ఒక వాక్యమైనను వ్రాయరు. అది లేనిదే ఆ సూత్రము ప్రయోగశాల దాటి వచ్చియుండెడిది కాదు.

ఇక అసలు కథకు వత్తము. అమెరికాలో బఫెలో నగరమందలి పియర్స్-ఆరో మోటారు కంపెనీ లారీ శాఖలో ఫ్రాన్సిస్ డేవిస్ అను ఇంజనీరు పనిచేయుచుండెను. 1887లో జన్మించి, హార్వర్డు విశ్వవిద్యాలయములో చదివినవాడు. బరువు లారీల స్టీరింగు ఎంత కష్టమో అతనికి ప్రతిదినమును అనుభవములోనికి వచ్చెడిది. 1922లో ఉద్యోగము విడిచి, మసాచుసెట్స్ రాష్ట్రములోని వాల్థాం పట్టణములో చిన్న కార్ఖానా అద్దెకు తీసికొనెను. జార్జి జెసప్ అను పనిముట్ల నిపుణుడు ఒక్కడే అతనికి తోడు.

ఆనాటి ద్రవ యంత్రములలో చమురును ఎల్లప్పుడు అధిక పీడనములో నిల్వచేసి ఉంచెడివారు. పని కావలసినపుడు కవాటము తెరతురు; లేనిచో అది మూయబడి యుండును. ఇది చెరువు కట్టి నీరు నిలిపినట్టిది. గట్టు మీద నీటి బరువు రాత్రింబగళ్లు ఉండును. ఒక్క ఎండ్రకాయ బొరియ చాలును, గట్టు కారుటకు. నేలమీద కదలక నిలిచియుండు ప్రెస్సునకు ఈ పద్ధతి సరిపడవచ్చును. గతుకుల బాటమీద అదురుచు పోవు లారీకి సరిపడదు. ప్రతి అతుకునుండియు చమురు కారును.

డేవిస్ ఈ ఏర్పాటును తలక్రిందులు చేసెను. అతని కవాటము మామూలు సమయములో తెరచియే యుండును. పంపునుండి వచ్చిన చమురు కవాటముగుండా దాదాపు ఏ అడ్డంకియు లేక పారి, తిరిగి తొట్టిలోనికి చేరును. బండి తిన్నగా పోవుచున్నంతసేపు పీడనము స్వల్పము. డ్రైవరు చక్రమును త్రిప్పినపుడు కవాటములోని కడ్డీ ఇసుమంత జరిగి, చమురు వెళ్లు దారులలో ఒకదానిని సన్నము చేయును. పారుచున్న పంటకాలువలో అడ్డుపలకను కొంత దించినచో ఎగువ నీటిమట్టము పెరుగునుగదా. అట్లే చమురు పీడనము పెరిగి పిస్టనుమీద పనిచేయును. చక్రములు తిరిగిన కొలది కవాటము తన మధ్యస్థానమునకు వచ్చును, పీడనము దిగిపోవును. గ్రేట్ ఈస్టర్న్ ఓడలోని 'అనుసరించి ఆగుట' ఇందును కలదు. ఎంత బలము కావలెనో అంత పీడనము మాత్రమే పుట్టును, అదియు కావలసినంతసేపే.

ఇంత చిన్న మార్పుతో గొట్టములకును, కట్టులకును కలిగిన విశ్రాంతిని ఊహింపుడు. వందమైళ్ల ప్రయాణములో అధిక పీడనమును భరింపవలసిన సమయము కొన్ని నిమిషములు మాత్రమే. పవర్ స్టీరింగుకు జనకుడని డేవిస్‌ను పలువురు చెప్పుదురు. బలమును జోడింపవలెనను ఆలోచన అతనికి ముందే ఇతరులకు కలిగినది. పిట్స్‌బర్గ్‌కు చెందిన ట్వైఫర్డ్ అనునతడు 1900లోనే యాంత్రిక పద్ధతికి పేటెంటు పొందియుండెను. తెరచియుండు కవాటమే డేవిస్ అసలు ఘనత అనుట న్యాయము.

1926లో డేవిస్ తన పరికరమును ఒక పియర్స్-ఆరో కారులో అమర్చి డెట్రాయిట్ నగరములోని కార్ల తయారీదారులకు చూపెను. జనరల్ మోటార్స్ కంపెనీ అతనితో ఒప్పందము చేసికొనినది. కాడిలాక్ కార్లలో దీనిని ప్రవేశపెట్టవలెనని తలచిరి. ఇంతలో ఆర్థిక మాంద్యము వచ్చిపడెను. ఖరీదైన కార్లు అమ్ముడుపోని రోజులలో ఇంత ఖర్చు దండుగ అని, 1934లో ఆ కంపెనీ ఈ ప్రయత్నమును విడిచినది. డేవిస్ 1936లో బెండిక్స్ కంపెనీతో చేరెను. రెండవ ప్రపంచ యుద్ధము వచ్చి, కవచముతో కూడిన బరువు బండ్లు అవసరము కాగా, ఆ పరికరము వేలకొలది సైనిక వాహనములలో పనిచేసినది. శాంతికాలములో లెక్కలు చూచి త్రోసివేసినదానిని యుద్ధము లెక్క చూడక తీసికొనుట శాస్త్ర చరిత్రలో కొత్త కాదు.

1951లో క్రైస్లర్ కంపెనీ తన ఇంపీరియల్ కారులో 'హైడ్రాగైడ్' అను పేర పవర్ స్టీరింగును అమ్మకమునకు పెట్టెను. అమెరికాలో పేటెంటు గడువు అప్పుడు 17 ఏండ్లు. డేవిస్ తొలి పేటెంట్ల గడువు అప్పటికే తీరిపోయినందున వాటిలోని విషయములను ఎవరైనను వాడుకొనవచ్చును. మరుసటి సంవత్సరము, అనగా 1952లో, జనరల్ మోటార్స్ తిరిగి డేవిస్ వద్దకే వచ్చి, కాడిలాక్ కార్లలో అతని పద్ధతిని ప్రవేశపెట్టినది. ఆ ఒప్పందము మొదట కుదిరినప్పటినుండి పాతికేండ్లు గడచిపోయినవి. డేవిస్ 1978లో మరణించెను.

యంత్రము సంగతి ఇది. గొట్టము సంగతి వేరుగా చెప్పవలెను. పంపు ఇంజనుతో కలసి ఊగుచుండును. ఇంజను రబ్బరు దిమ్మెలమీద కూర్చున్నది. స్టీరింగు పెట్టె ఛాసిస్‌కు గట్టిగా బిగించియుండును. ఎడతెగక సాపేక్షముగా కదలు ఈ రెండింటిని ఉక్కుగొట్టముతోనే కలిపినచో కొంతకాలమునకు లోహము అలసి చిట్లును. వంగు గొట్టము కావలెను, పీడనమును ఓర్చునదియు కావలెను, వేడిచమురులో చెడనిదియు కావలెను. ఈ మూడు గుణములును ఒకే పదార్థములో లేవు.

1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకముతో వేడిచేయు మార్గమును కనుగొని దానికి నిలకడ కలిగించెను. అయినను సహజ రబ్బరుకు ఖనిజ తైలము శత్రువు. రెండును హైడ్రోకార్బనులే అగుటచే నూనె అణువులు రబ్బరులోనికి సులభముగా చొచ్చుకొనిపోయి దానిని ఉబ్బించును. ఇందువలననే, 1917లో మాల్కం లాక్‌హీడ్ పేటెంటు పొందిన ద్రవ బ్రేకులు, 1921లో డ్యూసెన్‌బర్గ్ కారులో వాడుకలోనికి వచ్చిన అట్టి బ్రేకులు, ఖనిజ తైలమును వాడలేకపోయినవి. ఆముదము, ఆల్కహాలు కలిపిన ద్రవము చాలకాలము వాటిలో వాడిరి. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట పొలాలలో విస్తారముగా పండుచు వచ్చిన ఆముదమే ఇది. ఆముదపు అణువులో హైడ్రాక్సిల్ సమూహమున్నది. అది రబ్బరుతో సులభముగా కలియదు.

దీనిని తరగతిలో చూపుట సులభము. ఒకే పొడవుగల రెండు రబ్బరు బ్యాండ్లను తీసికొని ఒకదానిని కిరసనాయిలులోను, రెండవదానిని ఆముదములోను ఒక రాత్రి ఉంచుడు. కిరసనాయిలులోనిది ఉబ్బి, పొడవు పెరిగి, లాగిన తెగునట్లుండును. ఆముదములోనిది దాదాపు మొదటివలెనే యుండును.

స్టీరింగు పంపునకు ఖనిజ తైలమే కావలెను. అది లోపలి భాగములకు కందెనగా కూడ పనిచేయవలెను. కనుక నూనెకు లొంగని రబ్బరు పుట్టువరకు నమ్మదగిన స్టీరింగు గొట్టము పుట్టలేదు. అమెరికాలో డ్యూపాంట్ ప్రయోగశాలలో 1930లో నియోప్రీన్ తయారయ్యెను. అదే దశకములో జర్మనీలో నైట్రైల్ రబ్బరును తయారుచేసిరి. దీని అణుశృంఖలలో నత్రజనిగల సమూహములుండుటచే ఖనిజ తైలము దానిలోనికి చొరజాలదు. డేవిస్ పద్ధతి కార్లలోనికి వచ్చు నాటికి రసాయన శాస్త్రము గొట్టమును సిద్ధము చేసియుంచినది. లోపలి పొర నైట్రైల్, వెలుపలి పొర నియోప్రీన్, మధ్య దారముల అల్లిక - ఇది చాలకాలము సాగిన కూర్పు.

ఆ అల్లికయే బలమును మోయును. గొట్టము లోవ్యాసము అంగుళములో మూడు ఎనిమిదవ వంతులు, పీడనము చదరపు అంగుళమునకు 1,000 పౌనులు అనుకొందము. కారు టైరులోని గాలి పీడనము సుమారు 30 పౌనులు మాత్రమే. ఒక అంగుళము పొడవుగల ముక్కను నిలువున చీల్చజూచు బలము 375 పౌనులు, అనగా సుమారు 170 కిలోగ్రాముల బరువు. ఇటు గోడ సగము, అటు గోడ సగము మోయవలెను. మెత్తని రబ్బరు ఒక్కటియే అయినచో బుడగవలె ఉబ్బి పగులును. దారములను ఏ కోణములో అల్లవలెను? గొట్టపు గోడలో చుట్టును లాగు ప్రతిబలము, పొడవున లాగు ప్రతిబలమునకు రెట్టింపు ఉండును. లెక్కించినచో, గొట్టపు అక్షముతో దారము 54 డిగ్రీల 44 నిమిషముల కోణము చేసినపుడు గొట్టము పీడనములో పొడవు పెరగదు, తరగదు. అంతకు తక్కువ కోణమైనచో లావెక్కి కురుచనగును; ఎక్కువైనచో సన్నగిల్లి సాగును. ఆసక్తిగల విద్యార్థులు దీనిని త్రికోణమితితో సాధింపవచ్చును. ఆ కోణపు టాంజెంటు వర్గము 2.

అయినను గొట్టము బొత్తిగా ఉబ్బకుండుటయు మంచిది కాదు. పంపు చమురును ఒకే ధారగా పంపదు. చిన్నచిన్న తోపులుగా పంపును. గొట్టపు గోడ కొంచెము సాగి వాటిని మ్రింగివేయనిచో స్టీరింగునుండి రొదవచ్చును. కొన్ని గొట్టములలో ఇందుకొరకు లోపల చుట్టలు చుట్టిన లోహపు సన్నగొట్టమును కూడ దూర్చుదురు.

ఇక డీసెల్ పికప్‌లో ఈ గొట్టమునకు గల ప్రత్యేక ప్రాధాన్యము చూతము. పెట్రోలు ఇంజనులో గాలిమార్గమునకు అడ్డుతెర యుండుటచే దాని వెనుక కొంత శూన్యము ఏర్పడును. ఆ శూన్యము సాయముతో బ్రేకు తొక్కుట తేలికయగును. పూర్వపు డీసెల్ ఇంజనులలో ఆ తెర లేదు, శూన్యమును లేదు. అందుచే కొందరు తయారీదారులు వేరుగా శూన్యపు పంపు పెట్టిరి. మరికొందరు స్టీరింగు పంపునే బ్రేకులకును వాడిరి. బెండిక్స్ కంపెనీ 1970ల దశకములో తెచ్చిన 'హైడ్రో-బూస్ట్' అట్టిది. జనరల్ మోటార్స్ 1982లో 6.2 లీటర్ల డీసెల్ ఇంజనుతో పికప్పులను విడుదల చేసిన పిదప, ఆ తరహా బండ్లు పెక్కింటిలో పంపునుండి చమురు ముందు బ్రేకు సహాయకమునకును, అక్కడినుండి స్టీరింగు పెట్టెకును పోవునట్లు గొట్టములమర్చిరి.

దీని ఫలితమేమనగా, ఒక్క గొట్టము పగిలినచో స్టీరింగును, బ్రేకును ఒకేసారి బరువెక్కును. కొండదారిలో దిగుచున్న బండికి ఇది ఎట్టిదో చెప్పనక్కరలేదు. అందుకే బ్రేకు సహాయకములో కొంత పీడనమును ఎల్లప్పుడు నిల్వయుంచు చిన్నపాత్రను అమర్చిరి. ఇంజను ఆగినను, గొట్టము పగిలినను రెండు మూడు పర్యాయములు తేలికగా బ్రేకు వేయుటకు అది చాలును. డేవిస్ వద్దని త్రోసివేసిన చెరువు ఈ విధముగా మరల వచ్చినది. కాని ఈసారి చిన్న కుంటవలె, ఆపదలో వాడుకొనుటకు.

నిల్వ అయిపోయిన పిదప గూడ బ్రేకు, స్టీరింగు పూర్తిగా పోవు. రెండింటికిని డ్రైవరు చేతితోను, కాలితోను నేరైన యాంత్రిక సంబంధము కలదు. ఎక్కువ బలము పెట్టవలెను, అంతే. ఈ సంగతి తెలియనివాడు 'స్టీరింగు పట్టివేసినది' అని చేతులు విడుచును. ప్రమాదము అక్కడ కలదు. పవర్ స్టీరింగు చెడిన బండి, మొదటినుండి పవర్ లేని బండికంటెను బరువుగా తోచును. కారణము పైన చెప్పిన పని సూత్రమే. సహాయమున్నదను ధైర్యముతో పళ్లచక్రముల నిష్పత్తిని తగ్గించి, తక్కువ చుట్లతో మలుపు తిరుగునట్లు చేసిరి. సహాయము పోగానే ఆ తగ్గింపునకు మూల్యము చేతులే చెల్లింపవలెను.

1988లో జపానులోని సుజుకి కంపెనీ సెర్వో అను చిన్న కారులో విద్యుత్ మోటారుతో నడచు స్టీరింగును పెట్టెను. చమురు లేదు, గొట్టము లేదు. నేడు చిన్న కార్లలో అదియే ఎక్కువగా కనిపించును. బరువైన డీసెల్ పికప్పులలోను, లారీలలోను మాత్రము చమురు స్టీరింగు నిలిచియున్నది. అందుచే గొట్టము మార్చు పనియు మిగిలినది.

ఆ పని చేయు విధమునందు ఈ చరిత్ర కొంత కనిపించును. చెమర్చుచున్న గొట్టమును ఇంజను నడచుచుండగా చేతితో తడిమి చూడరాదు. సూదిబెజ్జమునుండి వెలువడు ధార చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు. చిన్న గాయమువలె కనిపించినను వెంటనే వైద్యునివద్దకు పోవలసిన ప్రమాదమది. అట్టముక్క అడ్డుపెట్టి చూడవలెను. కారిన చమురు వేడి పొగగొట్టముమీద పడినచో అంటుకొనవచ్చును గనుక ఇంజను చల్లారిన తరువాతనే విప్పుదురు. మెత్తని నట్టు మూలలు అరిగిపోకుండ దానిని దాదాపు చుట్టును పట్టుకొను పానా వాడుదురు. చివరనుండు చిన్న రబ్బరు ఉంగరమును తప్పక క్రొత్తది వేయవలెను. మాడ్స్‌లే తోలుకట్టుకు అది వారసురాలు. క్రొత్త గొట్టము మెలిక పడకుండ, దేనికిని రాచుకొనకుండ పాతదాని దారినే పోవలెను. బ్రేకు ద్రవమును ఇందులో పోయరాదు. ఇందలి చమురును బ్రేకు తొట్టిలో పోయరాదు. హైడ్రో-బూస్ట్ ఉన్న బండిలో ఆ రెండును జానెడు దూరములో నుండును. ఒకదానికి తగిన రబ్బరు రెండవదానిలో ఉబ్బి చెడును.

గొట్టము బిగించినంతమాత్రమున పని కాలేదు. లోపల గాలి చిక్కుకొనియుండును. చమురు నొక్కుకొనదు, గాలి నొక్కుకొనును. బుడగలున్న చమురుతో పంపు మూలుగును, స్టీరింగు పట్టుతప్పును. అందుచే ముందు చక్రములను జాకీమీద లేపి, ఇంజను నడపకయే స్టీరింగును ఆ చివరనుండి ఈ చివరవరకు పలుమార్లు నిదానముగా త్రిప్పుచు, తొట్టిలో చమురు తగ్గిన కొలది పోయుదురు. బుడగలు తొట్టిలోనికి వచ్చి తేలిపోవును. తరువాత ఇంజను నడిపి చూతురు. స్టీరింగును ఏదో ఒక చివరకు త్రిప్పి అట్లే పట్టియుంచుట తగదు. అప్పుడు పీడనము గరిష్ఠమునకు చేరి, రక్షక కవాటముగుండా చమురు తిరిగి తిరిగి కాగిపోవును.

విప్పిన పాతగొట్టమును పారవేయక, చమురు తుడిచి, కత్తితో నిలువునకోసి చూచినచో లోపొర గట్టిపడి పెళుసైయుండుట కనబడును. వంపు ఎక్కువగానున్నచోట వెలుపలి పొరలో సన్నని పగుళ్లుండును. మధ్య దారముల అల్లిక మాత్రము తరచుగా చెక్కు చెదరకయే యుండును. కోణమాపకముతో ఆ అల్లికను కొలచి చూడవచ్చును.